ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

కూచిపూడి అంటే అందరికీ నాట్యం గుర్తొస్తుంది. మాకు మాత్రం అది పామర్రు నుంచి చల్లపల్లి పోయే దారిలో బస్సు ఆగే ఊరు. ఆ చుట్టుపక్కల చేలల్లో వరి కోతలప్పుడు మా తాతలు ఎలుకలు పట్టేవారు. మా తండ్రుల కాలానికి దివిసీమ వైపు, బందరు వైపు చేలు చాలా చోట్ల చేపల చెరువులయ్యాయి. ఎలుకలు పట్టే కుండలు పోయి మా చేతికి టార్చిలైట్లు వచ్చాయి. చెరువు గట్టు మీద పాక, రాత్రి కాపలా, పగలు మేత వెయ్యడం, పట్టుబడి రోజున వల లాగడం. మేం యానాదులం.

2024లో సంక్రాంతి వెళ్ళాక, మినుము పైరు పూత మీద ఉన్న రోజుల్లో, మేం ఆరుగురం ఆడవాళ్ళం కూచిపూడిలో ఐదు రోజుల శిక్షణకి వెళ్ళాం. మాలో ఇద్దరు ఆశా కార్యకర్తలు, ఒకామె అంగన్‌వాడీ ఆయా, మిగతా ముగ్గురం పొదుపు సంఘం వాళ్ళం. లైంగిక హింసకి గురైనవాళ్ళు కోలుకోవడానికి తోడుండే కౌన్సెలర్లకి ఆ శిక్షణ. విజయవాడ నుంచి సైకాలజీ చదివిన అమ్మాయిలు పదిమందికి పైగా వచ్చారు. మమ్మల్ని 'కమ్యూనిటీ వాళ్ళు కూడా ఉంటే బాగుంటుంది' అని పిలిచారు. వెనక వరసలో కూర్చున్నాం. హాలు కిటికీలోంచి సాయంత్రం పూట నాట్యం నేర్చుకునే పిల్లల గజ్జెల చప్పుడు, తాళం వేసే కర్ర చప్పుడు వినిపించేవి.

మేం ఆ శిక్షణకి ఎందుకు వెళ్ళామో చెప్పాలంటే ముందు మేం చేసిన తప్పు చెప్పాలి.

అది అంతకు రెండేళ్ళ ముందు సంగతి. ఊరి పేరు, చెరువు పేరు, ఆమె పేరు చెప్పం. చట్టం చెప్పకూడదంటుంది. చట్టం లేకపోయినా చెప్పం. పెళ్ళయి ఏడాది కాని మనిషి. భర్త మేత బస్తాలకి వెళ్ళిన రాత్రి, చెరువు మీద పెత్తనం చేసేవాడొకడు పాకలోకి వచ్చాడు. తెల్లారి వాళ్ళ అత్త మాకు కబురు పెట్టింది. నలుగురం వెళ్ళాం.

వెళ్ళి ఏం చేశాం? ఒకామె 'ఏం జరిగిందో చెప్పమ్మా' అంది. చెప్పింది. ఇంకొకామె ఆలస్యంగా వచ్చి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పింది. 'నువ్వు అరవలేదా?' అని అడిగాం. 'గడియ పెట్టుకోలేదా?' అని అడిగాం. ఆ పాకకి తలుపే లేదు, గోనెపట్టా వేలాడదీసి ఉంది. అది మా కళ్ళెదురుగానే ఉంది, అయినా అడిగాం. మధ్యాహ్నానికి కులపెద్ద వచ్చాడు. ఆయన ముందు ఇంకోసారి చెప్పించాం. ఆ తర్వాత పోలీసు స్టేషన్‌కి వెళ్దామని ఇద్దరం, వద్దని ఇద్దరం ఆమె ఎదుటే వాదులాడుకున్నాం. 'నీకేం కావాలి?' అని మాత్రం ఎవ్వరం అడగలేదు. చివరికి 'మర్చిపో తల్లీ, దేవుడున్నాడు' అని నెత్తిన చెయ్యి పెట్టి వచ్చేశాం. మూడో రాత్రి ఆ కుటుంబం చెరువు వదిలి వెళ్ళిపోయింది. అడ్వాన్సు బాకీ ఉంది కాబట్టి ఎవరికీ చెప్పకుండా వెళ్ళారు.

మేం చెడ్డ మనసుతో వెళ్ళలేదు. మా పిల్ల అనుకునే వెళ్ళాం. కానీ మంచి మనసు ఒక్కటే సరిపోదని మాకు కూచిపూడిలో తెలిసింది.

మొదటి రోజు మేడం తన చేతి ఐదు వేళ్ళూ చూపించి ఐదు పనులు చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఆరోగ్య కార్యకర్తల కోసం వేసిన చేతిపుస్తకంలో ఉన్నవే. విను. ఏం అవసరమో అడుగు. నమ్ముతున్నానని చెప్పు. ముందుముందు ఆపద రాకుండా చూడు. అండ దొరికేలా చెయ్యి. అంతే. ఇందులో 'మొత్తం చెప్పించు' అన్నది లేదు. జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా కక్కించేస్తే తేలికపడుతుందని చాలామంది అనుకుంటారు. అలా చెయ్యొద్దని ఆ సంస్థ 2013లోనే చెప్పిందని మేడం అంది. చెప్పాలనిపిస్తే ఆమె చెబుతుంది. ఎంత చెప్పాలో, ఎప్పుడు ఆపాలో ఆమె చేతిలో ఉండాలి. ఆ రాత్రి ఆమె ఇష్టంతో పని లేకుండా ఒకడు చేశాడు. తెల్లారాక సాయానికి వచ్చినవాళ్ళూ ఆమె ఇష్టంతో పని లేకుండా చేస్తే, ఆ రెండూ ఆమెకి ఒకేలా ఉంటాయి.

ఆ మాట విన్నాక మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఐదు పనుల్లో మేం ఒక్కటి కూడా చెయ్యలేదు.

మధ్యాహ్నం మాటల గురించి మాట్లాడుకున్నాం. దీన్ని మీ ఊళ్ళో ఏమంటారని మేడం అడిగింది. సైకాలజీ అమ్మాయిలు 'లైంగిక దాడి' అన్నారు. పాత పేపర్లలో 'మానభంగం' అనేవారని ఒకామె అంది. మా వంతు వచ్చింది. మా కాలనీలో 'ఆ పిల్ల చెడిపోయింది' అంటారని చెప్పాం. చెప్పాక మాకే అనిపించింది. ఆ మాటలో చేసినవాడు ఎక్కడా లేడు. చెడిపోయింది ఆమే. మానభంగం అన్నా అంతే, విరిగింది ఆమె మానమే. చేసినవాడికి మానం ఉండేదా, విరిగిందా అన్నది ఆ మాటలో లేదు. ఆ రోజు నుంచి మేం 'వాడు ఆమె మీద దాడి చేశాడు' అంటున్నాం. మొదట్లో మా నోటికే కొత్తగా ఉండేది. ఇప్పుడు కాలనీలో ఇంకో నలుగురైదుగురు అలా అంటున్నారు.

రెండో రోజు నటించి చూపించమన్నారు. ఒకరు కౌన్సెలర్, ఒకరు బాధితురాలు. బాధితురాలిగా కూర్చున్న అమ్మాయి బాగా ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, తల దించుకుని, వణుకుతూ. కౌన్సెలర్‌గా చేసిన అమ్మాయికి కూడా కళ్ళు చెమ్మగిల్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మాలో ఒకామె లేచి, 'మా వాళ్ళు అలా ఏడవరమ్మా' అంది. హాలంతా వెనక్కి తిరిగింది.

ఆ చెరువు దగ్గర ఆ మనిషి ఏడవలేదు. మేం అడుగుతుంటే పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ చెప్పింది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. అప్పుడు మాలో ఒకామెకి అనుమానం వచ్చింది, ఇది నిజమేనా అని. కూచిపూడిలో ఏ రసానికి మొహం ఎలా పెట్టాలో, కళ్ళు ఎలా తిప్పాలో పిల్లలకి ఏళ్ళ తరబడి నేర్పుతారు. రంగం మీద అది కావాలి, చూసేవాడికి అర్థం కావాలి కదా. కానీ నిజంగా దెబ్బ తిన్న మనిషి మనకి అర్థమయ్యేలా మొహం పెట్టాలని లేదు. ఆమె దగ్గర కరుణరసం వెతికితే కౌన్సెలర్ అయినా, పోలీసు అయినా, జడ్జి అయినా పొరపడతారు.

మేడం దానికి కారణం చెప్పింది. ప్రాణభయం కలిగినప్పుడు ఒళ్ళు మూడు రకాలుగా చేస్తుంది. తిరగబడుతుంది, పారిపోతుంది, లేదా కొయ్యబారిపోతుంది. మూడోది ఆ మనిషి ఎంచుకునేది కాదు, ఒళ్ళు దానంతటదే చేసేది. గొంతు లేవదు, చెయ్యి ఆడదు. స్వీడన్‌లో అత్యాచారం తర్వాత వైద్యానికి వచ్చిన 298 మంది స్త్రీలని అడిగితే పదిమందిలో ఏడుగురికి ఒళ్ళు అలా బిగిసిపోయిందని తేలింది. 2017లో అది అచ్చయింది. 'నువ్వు అరవలేదా?' అన్న మా ప్రశ్న ఎంత తప్పో అప్పుడు తెలిసింది.

ఆ ప్రశ్న మేమే కాదు, దేశంలో పై కోర్టు కూడా ఒకప్పుడు అడిగింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో 1972లో మధుర అనే ఆదివాసీ పిల్ల మీద పోలీసు స్టేషన్‌లోనే అత్యాచారం జరిగిందన్న కేసు అది. ఒంటి మీద గాయాలు లేవు, కేకలు వేసిన మాట నమ్మలేం అని 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనీ వదిలేసింది. మరుసటేడు నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఊరూరా ఆడవాళ్ళు కదిలారు. 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీ లాంటి చోట్ల కలయిక జరిగినట్టు రుజువై, తన ఇష్టం లేదని స్త్రీ చెబితే, ఆ మాటనే కోర్టు ముందుగా నమ్మాలి. బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. ఈ రోజు దేశంలో ఏ కులం ఆడదైనా ఆ చట్టం నీడన నిలబడుతోందంటే, దాని వెనక ఒక ఆదివాసీ పిల్ల ఉంది.

మన రాష్ట్రంలో వాకపల్లి ఉంది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని ఆ గూడెంలో 11 మంది కోందు స్త్రీలు, గాలింపుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని చెప్పారు. చెబుతూనే ఉన్నారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులని నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పి, ఆ స్త్రీలకి పరిహారం ఇమ్మంది. పదిహేనున్నర ఏళ్ళు. ఆ మధ్య కాలంలో వాళ్ళు ఎన్నిసార్లు, ఎంతమంది మగవాళ్ళ ముందు, ఇంట్లో మాట్లాడుకోని భాషలో అదే సంగతి చెప్పాల్సి వచ్చిందో మేం ఊహించగలం. మేం ఒక్క రోజులోనే ఒక మనిషితో అన్నిసార్లు చెప్పించాం కదా.

ఆ మధ్యాహ్నం మాలో ఒకామె లేచి బయటికి వెళ్ళి వేపచెట్టు కింద కూర్చుంది. మేడం ఆమె వెనకే వెళ్ళింది. ఏమైందని అడగలేదు. పక్కన కాసేపు కూర్చుంది. మంచినీళ్ళు తెప్పించింది. 'లోపలికి రావాలని లేదు, ఇంటికి వెళ్ళాలన్నా బండి పెట్టిస్తాను' అంది. ఆమె పావుగంట తర్వాత తనే లేచి వచ్చింది. ఇలాంటి శిక్షణలో నేర్చుకునేవాళ్ళలో కూడా దెబ్బ తిన్నవాళ్ళు ఉంటారని, నేర్పేవాళ్ళు ముందే అది మనసులో పెట్టుకోవాలని మేడం తర్వాత అందరికీ చెప్పింది. మా ఆమె మాకేమీ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఐదు రోజుల్లో మేం అన్నిటికంటే బాగా నేర్చుకున్నది ఆ వేపచెట్టు కిందే.

మూడో రోజు మేమే మాట్లాడాల్సి వచ్చింది.

జూడిత్ హెర్మన్ అనే అమెరికా మానసిక వైద్యురాలు 1992లో అచ్చయిన తన పుస్తకంలో కోలుకోవడానికి మూడు మెట్లు చెప్పిందట. మొదటిది భద్రత. రెండోది జరిగినదాన్ని తలుచుకుని దుఃఖపడడం. మూడోది మళ్ళీ నలుగురిలో కలవడం. మొదటి మెట్టు ఎక్కకుండా రెండోదానికి పోకూడదు. ఇది మాకు వెంటనే ఎక్కింది. ఆ భద్రత కోసం ఏం చేయించాలో కూడా నేర్పారు. పాదాలు నేలకి గట్టిగా ఆనించు. చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పు. ఊపిరి మెల్లగా వదులు. ఇప్పుడు నువ్వు ఇక్కడున్నావు, ఆ రాత్రి అయిపోయింది అని ఒంటికి గుర్తు చెయ్యి. మేమూ చేశాం. బాగుంది.

అప్పుడు మాలో పెద్దామె అడిగింది. 'మేడంగారూ, అంతా బాగుంది. ఆమె ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుంది?'

మేడం ముందు అర్థం చేసుకోలేదు. మేం విడమరిచి చెప్పాం. ఆమె పాదాలు ఆనించే నేల చెరువు గట్టు. ఆ గట్టు ఆసామిది. పాక మీద వేసిన టార్పాలిన్ ఆసామిది. భర్త తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా అక్కడి నుంచి కదలకూడదు. వెట్టి రద్దు చట్టం 1976లోనే వచ్చింది కానీ బాకీ పుస్తకం ఇంకా ఆసామి దగ్గరే ఉంది. దాడి చేసినవాడు రోజూ అదే గట్టు మీద మోటారు సైకిల్ మీద తిరుగుతాడు. ఆ మోటారు సైకిల్ చప్పుడు ఆమెకి రోజూ వినిపిస్తుంది. 'ఆ రాత్రి అయిపోయింది' అని ఆమె ఒంటికి ఎలా చెబుతాం? అయిపోలేదు కదా. ఆమె భయం జబ్బు కాదు. అక్కడ భయపడడమే తెలివి.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మేం ఇంకా చెప్పాం. జిల్లాకొకటి వన్ స్టాప్ సెంటర్ ఉంది, 2015 నుంచి ఆ పథకం నడుస్తోంది, డాక్టరు, కౌన్సెలర్, లాయరు సాయం ఒకే చోట దొరుకుతుంది. మంచిదే. అక్కడ మామూలుగా ఐదు రోజులు తల దాచుకోవచ్చు. ఆరో రోజు? 181కి ఫోన్ చెయ్యమంటారు, మనసు బాగా లేకపోతే 14416కి చెయ్యమంటారు. అవీ మంచివే. కానీ పాకలో ఉండే ఒక్క ఫోనూ భర్త జేబులో ఉంటుంది. పోలీసులకి చెప్పమంటారు. మా వాళ్ళకి పోలీసంటే ఇంకో సంగతి. ఇంగ్లీషువాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1952లో గానీ పోలేదు. ఎరుకల వాళ్ళనీ, మా వాళ్ళలో కొందరినీ పుట్టుకతోనే దొంగల కింద రాసుకున్న చట్టం అది. చట్టం పోయినా, ఊళ్ళో మోటారు పోతే ఇప్పటికీ ముందు మా కాలనీకే వస్తారు. మగవాళ్ళని స్టేషన్‌కి తీసుకుపోయిన ఇంటి ఆడది, అదే స్టేషన్‌కి తన సంగతి చెప్పుకోవడానికి ఎలా వెళుతుంది?

మేడం బోర్డు మీద 'భద్రత' అన్న మాట కింద గీత గీసింది. 'మీరు చెప్పండి, నేను రాస్తాను' అంది. మేం ఇలా చెప్పాం. కౌన్సెలర్ మొదట అడగాల్సినవి: ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు? ఆ పాక ఎవరిది? బాకీ ఎంత? పుస్తకం ఎవరి దగ్గర ఉంది? తెల్లారి పనికి పోకపోతే పొయ్యి వెలుగుతుందా? ఆధార్, రేషన్ కార్డు నీ దగ్గర ఉన్నాయా? ఎవరితో మాట్లాడితే నీకు ధైర్యంగా ఉంటుంది? ఎక్కడ మాట్లాడితే ఎవరూ వినరు? మా కాలనీలో గోడలు లేవు, గదులు లేవు. మా ఆడవాళ్ళు మనసు విప్పేది నీళ్ళకి పోయేటప్పుడు, పుల్లలు ఏరేటప్పుడు. కాబట్టి కుర్చీలో ఎదురెదురుగా కూర్చోవడం కాదు, పక్కన నడవడం నేర్చుకోండి అన్నాం. ఆ మాటకి సైకాలజీ అమ్మాయిలు కూడా నోటుపుస్తకాల్లో రాసుకున్నారు.

మేం థెరపీ వద్దనలేదు. పీడకలలు ఏళ్ళ తరబడి వదలని వాళ్ళున్నారు. ఫలానా నూనె వాసన తగిలితే వాంతి చేసుకునేవాళ్ళున్నారు. మా కాలనీలో దానికి గాలి సోకిందని తాయెత్తు కడతారు. అలాంటివాళ్ళకి చదువుకున్న థెరపిస్టు కావాలి, నెలల తరబడి కావాలి. ఆ వైద్యం వేరు, మా తోడు వేరు. ఏది ఎక్కడ ఆపాలో, ఎప్పుడు పెద్ద చేతికి అప్పగించాలో మేం తెలుసుకోవాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్ల అయితే సంగతి తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటుంది. కాబట్టి పిల్లకి 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకూడదు. ముందే ఉన్నమాట చెప్పాలి. ఇలాంటివి మంచి మనసుతో వచ్చేవి కావు, నేర్పితేనే వస్తాయి.

శిక్షణ అయ్యాక ఆమెని వెతికాం. ఆ ఎండాకాలంలో నాగాయలంక వైపు చుట్టాల ద్వారా ఆచూకీ దొరికింది. ఇద్దరమే వెళ్ళాం. చంకలో పిల్లాడితో ఎదురొచ్చింది. 'రండి పిన్నీ' అని చాప వేసింది. ఆ రోజు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. 'ఆ రోజు నిన్ను అన్ని మాటలు అడిగాం, తప్పు మాది. నువ్వు చెప్పింది నమ్ముతున్నాం. ఇప్పుడు నీకేం కావాలి?' అన్నాం. చాలాసేపు మాట్లాడలేదు. పిల్లాడి ముక్కు తుడిచింది. తర్వాత, 'రేషన్ కార్డు పాత ఊళ్ళోనే ఉండిపోయింది పిన్నీ, అది ఇక్కడికి మార్పిస్తారా?' అంది.

మార్పించడానికి నెలన్నర పట్టింది. మండలాఫీసుకి మూడుసార్లు తిరిగాం. ఆ తిరుగుళ్ళలో ఆమె మాతో నడిచింది. మూడోసారి, బస్సు కోసం ఎదురుచూస్తుంటే, ఆ రాత్రి గురించి తనే ఒక మాట చెప్పింది. ఒక్క మాటే. అది ఇక్కడ రాయం. మేం విన్నాం. బస్సు వచ్చింది, ఎక్కాం.

ఈ వ్యాసం చదివే చదువుకున్న మన పిల్లలకి ఒక మాట. మన తెగల్లోంచి టీచర్లు వచ్చారు, నర్సులు వచ్చారు, పోలీసులు కూడా వచ్చారు. ఈ పని నేర్చుకున్న థెరపిస్టులు మన వాళ్ళలో మాకు ఇంకా ఎదురుపడలేదు. సైకాలజీ చదవండి. చదివి చెరువు గట్టు దాకా రండి. అప్పటిదాకా, బయటి నుంచి వచ్చి ఈ పని నేర్పే వాళ్ళకి మేం చెప్పేది ఒకటే. మమ్మల్ని వెనక వరసలో కూర్చోబెట్టకండి. ఊపిరి ఎలా తీసుకోవాలో మీరు నేర్పండి. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుందో ముందు అడగాలని మేం నేర్పుతాం.